మేసినవాణ్ణి చూసి గ్రూపు ఎంచిన మునియప్ప

1982 జూన్ నెల. తమిళనాడు సరిహద్దు ఊరు హోసూరులోని ఒక ప్రభుత్వ హయ్యర్ సెకండరీ పాఠశాలలో నేను తెలుగు మీడియం లెక్కల మాస్టరుని. కాపురం కృష్ణగిరిలో. రోజూ బస్సులో వచ్చిపోయేవాణ్ణి. ఆ బస్సు కృష్ణగిరిలో ఒక మనిషిని ఎక్కించుకుని హోసూరులో ఆ మనిషి నీడను దింపేది. నా ఒంట్లో కండ నిలవకపోవడానికి అదే కారణమని నా నమ్మకం. బనియను వేసుకుంటే అది నా మీద ఉన్నట్టు కాక దండెం మీద ఉన్నట్టు కనిపించేది. ఈ సంగతి ముందే ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, నేను చెప్పబోయే కేసు మొత్తం నా ఒంటి మీదనే నడిచింది.

పదో తరగతి ఫలితాలు వచ్చాక ప్లస్ టూలో చేరే పిల్లలు గ్రూపు ఎంచుకోవాలి. గ్రూపు అంటే సబ్జెక్టుల కట్ట. ఫస్టు గ్రూపు కట్టలో లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ ఉంటాయి. అది పాలిటెక్నిక్కు, ఇంజనీరింగు వైపు దారి. కామర్సు గ్రూపులో వ్యాపారం, జమాఖర్చులు ఉంటాయి. అది బ్యాంకు, ఆఫీసు వైపు దారి. ఇవికాక ఇంకో రెండు మూడు దారులున్నాయి గానీ ఈ కథకు అవి అక్కర్లేదు. మీసం కూడా మొలవని వయసులో, ఒక్క పూటలో చెప్పిన ఒక్క మాట మీద, రిటైరయ్యేదాకా చేసే పని ఆధారపడుతుంది. పెళ్ళికైనా ఇంతకంటే ఎక్కువసేపు ఆలోచిస్తారు.

ఆ ఏడు పిల్లలకూ తల్లిదండ్రులకూ సలహా చెప్పే పని హెడ్‌మాస్టరు నాకు అప్పగించాడు. వరండాలో ఒక బల్ల వేయించాడు. దానికి మూడు కాళ్ళు సొంతవి, నాలుగోది ఇటుక. సలహా పని నాకే ఎందుకిచ్చాడో బడిలో అందరికీ తెలుసు. ఫస్టు గ్రూపు తెలుగు సెక్షనులో పిల్లలు చాలకపోతే సెక్షను ఎత్తేస్తారు, నన్ను అంచెట్టి అడవుల వైపు బదిలీ చేస్తారు. అక్కడ హాజరు పిలిస్తే పిల్లలకంటే ముందు ఏనుగులు పలుకుతాయని ప్రతీతి. కాబట్టి నేను ప్రాణం పెట్టి సలహా చెబుతానని ఆయన లెక్క.

మొదటి రోజే మునియప్ప కూతురితో వచ్చాడు. కెలవరపల్లి పక్క పల్లెలో గొర్రెలు మేపుతాడు. భార్య మూకండపల్లిలో ఒక ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి పోతుంది. పెద్ద కూతురు రత్నమ్మ పదో తరగతిలో తెలుగు మీడియం అంతటికీ మొదటి పిల్ల. అమ్మకు సద్ది తీసుకుపోయినప్పుడు ఆ ఫ్యాక్టరీలో ఒక గది చూసిందట. వాలుగా నిలబెట్టిన చెక్క మీద దుప్పటంత కాగితం పరిచి ఒకాయన గీతలు గీస్తుంటే, అవతల మిషన్ల దగ్గరివాళ్ళు ఆ గీతలు చూసి ఇనుమును కోస్తున్నారట. డ్రాఫ్ట్స్‌మన్ పని అంటారు దాన్ని. ఆ చెక్క ముందు తను నిలబడాలని పిల్ల కోరిక. దానికి పాలిటెక్నిక్ చదవాలి, పాలిటెక్నిక్కు లెక్కలు కావాలి. ఇంత తేలికైన కేసు నా సర్వీసులో రాదనుకుని ఫస్టు గ్రూపు అని రాయడానికి కలం తెరిచాను.

మునియప్ప కూర్చోలేదు. బల్ల చుట్టూ తిరిగి నన్ను ముందునుంచీ వెనకనుంచీ చూశాడు.

"మీరు ఏమి సదివినారు అయివారూ?"

"లెక్కలు."

"చిన్నప్పట్నుంచీ?"

"చిన్నప్పట్నుంచీ."

నా మెడ ఎముకల దగ్గర ఆయన చూపు చాలాసేపు నిలిచింది. "ఆకలి సరిగా అయితా ఉందా?" అని అడిగాడు. అవుతోందన్నాను. "పండ్లు గట్టిగా ఉండాయా?" అన్నాడు. ఉన్నాయన్నాను. ఇంకేమీ అడగలేదు. "విచారించుకొని వస్తాను" అని కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి మునియప్ప లేని చోటు లేదు. ఫిజిక్సు మాస్టరు టీ తాగే బంకు దగ్గర కంబళి కప్పుకుని నిలబడి, ఆయన బన్ను ఎన్ని ముక్కలుగా తుంచాడో చూశాడు. కెమిస్ట్రీ మాస్టరు దగ్గితే, ఆ దగ్గు రాత్రిపూట కూడా ఉంటుందా అని ప్యూనును అడిగాడు. మధ్యాహ్నం మేము క్యారియర్లు విప్పే వేళకు సరిగ్గా ఎదురుగా వచ్చి కూర్చునేవాడు. తిన్నది లోపలికి పోతున్నదో లేదో పరీక్షించే చూపు అది. నా పెరుగన్నం నాకే పరాయిదిగా అనిపించింది.

స్టాఫు రూములో గుసగుసలు పుట్టాయి. వేషం మార్చుకుని వచ్చిన ఇన్‌స్పెక్టరు అని హెడ్‌మాస్టరు తేల్చాడు. నిజమైన కాపరి కంబళి అంత మాసి ఉండదని ఆయన వాదన. దాంతో ఆ వారం మా బడిలో ఎన్నడూ జరగని అద్భుతం జరిగింది. మొదటి గంట కొట్టినప్పుడు మొదలైన పాఠం రెండో గంట దాకా సాగింది. పిల్లలు బెదిరిపోయారు. ఒక డ్రిల్లు మాస్టరు ఏకంగా డ్రిల్లు చేయించాడు.

అందరికంటే ఎక్కువ బెదిరినవాడు కామర్సు మాస్టరు రంగస్వామి. మునియప్ప ఎక్కువగా చూసింది ఆయన్నే. చూడదగ్గ మనిషే. గుమ్మంలో నిలబడితే గదిలో చీకటి పడేది. బుగ్గలు మెరిసేవి. ఆయన ఎక్కితే స్కూటరు ముందు ఒక మూలుగు మూలిగి ఆ తర్వాతే స్టార్టయ్యేది. "ఆ గొర్రెలాయన్ని నా మీదికి పంపింది మా మామ అయ్యుండాలి" అని ఆయన నా చెవిలో అన్నాడు. ఎందుకు పంపుతాడని అడిగితే మాట మార్చాడు. నాకూ అనుమానం పుట్టింది. బడి మొత్తం ఒకరినొకరు ఓరగా చూసుకునే స్థితికి వచ్చాం.

అడ్మిషన్లు ముగియడానికి ముందురోజు మునియప్ప కూతురితో వచ్చాడు.

"రాసుకోండి అయివారూ. కామర్సు."

రత్నమ్మ తల ఎత్తలేదు. పావడా అంచును వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ఏమప్పా మునియప్పా, పిల్లకు లెక్కల్లో అన్ని మార్కులుంటే కామర్సు ఏమిటికి?" అన్నాను.

ఆయన అప్పుడు కూర్చున్నాడు. "మేము గొర్రెను కొనేటప్పుడు అమ్మేవాని మాట యినము అయివారూ. అది యా బీట్లో మేసిందో ఆడికి పోయి, ఆడుండే మందను చూస్తాము. మంద బలంగా ఉంటే బీడు మంచిది. మంద బక్కగా ఉంటే, బీడు పచ్చగా కనబడినా అది విషం గడ్డే. మీ లెక్కల బీడు చూసినాను. మీరొకరు. ఫిజిక్సు అయివారు బన్ను కూడా నమిలి మింగలేడు. కెమిస్ట్రీ అయివారు వచ్చే చలికాలం దాటడు. ఆ కామర్సు అయివారిని చూడండి, ఎంత కళగా ఉండాడో. నా బిడ్డను ఆ బీటికే తోల్తాను."

నేను పొగడ్త మొదలుపెట్టాను. ఫస్టు గ్రూపు చదివితే ఎన్ని తలుపులు తెరుచుకుంటాయో వర్ణించాను. తెరుచుకోని తలుపులు కూడా రెండు మూడు కలిపాను. ఆయన ముఖం మాట మాటకూ మూసుకుపోయింది.

"అమ్మేవాడు ఇంతగా పొగిడితే కుంటి కాలు ఉందని అర్థం. మీ సెక్షనుకు పిల్లకాయలు చాల్లేదంట కదా. ప్యూను చెప్పినాడు."

కలానికి మూత పెట్టాను. లెక్కల్లో దీన్ని నిరూపణ పూర్తయింది అంటారు.

అప్పుడు రత్నమ్మ నోరు తెరిచింది. "నాయనా, ఆ సారు మేసింది కామర్సులో కాదు."

"మరి యాడ?"

"బాగలూరులో. వాళ్ళ మామకు రోజా తోటలుండాయి. లారీలకు లారీలు పూలు పోతాయి. ఆ స్కూటరూ ఆడిదే, ఆ బుగ్గలూ ఆడివే. నా జత పిల్ల వాళ్ళ తోటలోనే పూలు కోస్తుంది."

మునియప్ప కూతుర్ని కూడా ఓరగానే చూశాడు. "నీకూ ఈ అయివారికీ ఏమన్నా ఒప్పందమా?" అన్నాడు. జవాబు కోసం ఆగకుండా లేచి బాగలూరు వైపు నడిచాడు.

ఆ సాయంత్రం నేను బస్సులో అంచెట్టి ఏనుగులకు పేర్లు పెట్టుకుంటూ పోయాను.

మర్నాడు పొద్దున్నే బల్ల దగ్గరికి ముందు వచ్చింది రంగస్వామి. "నా మీద మనిషిని పెట్టింది నువ్వేనా? కంబళాయన నిన్న మా మామ తోటకు పోయి, ఈయప్ప తినేది ఈడనా, బడిలోనా అని అడిగినాడంట. మా మామ రాత్రి నుంచి అదే ప్రశ్న నన్ను అడుగుతున్నాడు" అన్నాడు. నేను పెట్టలేదని కృష్ణగిరి కొండ మీద ఒట్టు వేశాను. ఆయన నమ్మలేదు. నేనైనా నమ్మను.

పదకొండు గంటలకు తండ్రీ కూతుళ్ళు వచ్చారు.

"చూసినాను అయివారూ. పాప చెప్పింది నిజమే."

"అయితే ఫస్టు గ్రూపు రాయనా?"

"ఏమిటికి అంత తొందర?" అన్నాడు మునియప్ప. "కామర్సు మేస్తే ఎట్లుంటారో ఇప్పుడు తెలీదు. లెక్కలు మేస్తే ఎట్లుంటారో మాత్రం బాగా తెలుసు. ఎదురుగానే ఉండారు కదా. తెలీని బీడే మేలు. రెండేండ్లు సదివి ఇంట్లో ఉంటే, వొళ్ళు చేసుకుంటే, ఎవరన్నా మంచి ఇంటోళ్ళు వచ్చి చూసుకొని పోతారు."

ఇదన్నమాట లోపలి సంగతి. పిల్లకు అది అప్పుడే తెలిసిందో, ముందే తెలుసో గానీ, పావడా అంచు వదిలేసి తండ్రికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాయనా, బలిసిన పొట్టేలు యాడికి పోతుంది?"

"సంతకు."

"ఆడినుంచి?"

మునియప్ప ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"మందకు ముందర నడిచే మేక ఉంది కదా. అది ఎప్పుడన్నా బలిసి ఉండగా చూసినావా? బక్కదే కదా దారి చూపించేది. దాన్ని సంతలో ఎవరన్నా అడిగితే, ప్రాణం పోయినా ఇయ్యనంటావు కదా. నన్ను సంతకు మేపుతావా, ముందర నడిపిస్తావా?"

బల్ల మీద కాగితాలు గాలికి లేస్తున్నా నేను చెయ్యి పెట్టలేదు. మునియప్ప కంబళి తీసి మళ్ళీ కప్పుకున్నాడు. ఆ తర్వాత చూపు నా వైపు తిప్పాడు.

"ఈ మాట మీరు నేర్పించినారా?"

"నాకు మేకల సంగతి ఏమీ తెలియదప్పా."

"అది నమ్ముతాను. మీ మొగంలోనే తెలుస్తా ఉంది." ఎగురుతున్న కాగితాన్ని నా ముందుకు తోశాడు: "రాసుకోండి. అది అడిగిందే రాసుకోండి."

రత్నమ్మ ఫస్టు గ్రూపులో చేరింది. మునియప్ప నన్ను నమ్మాడని మాత్రం అనుకోవద్దు. పరీక్షలు ముగిసినప్పుడల్లా వచ్చి మార్కులు అడిగేవాడు కాదు, కూతురి మణికట్టు పట్టుకుని చూసేవాడు. చిక్కిపోయిందనిపిస్తే నాకేసి చూసేవాడు. ఫిజిక్సు మాస్టరు ఆయన కనిపిస్తే చాలు, కడుపు నిండా గాలి పీల్చి నిలబడేవాడు. కెమిస్ట్రీ మాస్టరు చలికాలాలు దాటుతూనే ఉన్నాడు, దగ్గుతూనే ఉన్నాడు. పిల్ల ప్లస్ టూ ముగించి, పాలిటెక్నిక్ ముగించి, మూకండపల్లిలోనే ఒక డ్రాయింగు ఆఫీసులో చెక్క ముందు నిలబడింది. వాళ్ళమ్మ ఊడ్చిన ఫ్యాక్టరీ కాదు, దాని పక్కది.

1988లో మునియప్ప చిన్న కూతుర్ని తీసుకుని, వరండా నుంచి గదిలోకి మారిన నా బల్ల దగ్గరికి వచ్చాడు. అప్పటికి నేను ఒక పాఠం నేర్చుకుని ఉన్నాను. సలహా చెప్పే ముందు అందులో నా లాభం ఏమిటో చెప్పేయాలి. "మునియప్పా, ఈ ఏడు కూడా మా సెక్షనుకు పిల్లలు తక్కువ. ఈ పిల్ల ఫస్టు గ్రూపులో చేరితే నాకు మేలు. అది మనసులో పెట్టుకుని నా మాట విను" అన్నాను.

"తెలుసులే. గేటు కాడే విచారించుకొని వచ్చినాను" అన్నాడు. "ఈసారి నన్ను అడగొద్దండి. దాన్నే అడగండి. నేను బయట ఉంటాను." లేచి తలుపు అవతలికి వెళ్ళాడు.

"ఏమ్మా, ఏ గ్రూపు?" అన్నాను.

"కామర్సు సార్" అంది పిల్ల, ఒక్క క్షణం తడుముకోకుండా. "అక్కకు గీసేది ఇష్టం. నాకు బేరం ఇష్టం. సంతలో నాయన ఒక గొర్రెకు పొద్దంతా బేరం చేస్తాడు. మధ్యలో నేను దూరి ముగిస్తాను."

"నిజమే చెప్తా ఉంది అయివారూ" అని తలుపు వెనక నుంచి వినిపించింది.

సబ్జెక్టులు అమ్మేవాళ్ళం మేము. సరుకు మంచిదో కాదో కొన్నవాళ్ళకు పదేళ్ళకు గానీ తెలియదు, అప్పటికి మేము ఇంకో ఊళ్ళో ఉంటాం. అలాంటి అంగడికి వచ్చే తండ్రి అనుమానపడటం తప్పు కాదు. కాకపోతే ఆ అనుమానం గానీ, నా సలహా గానీ, బడి గేటు దాకానే వస్తాయి. అక్కణ్ణుంచి నడిచేది పిల్ల. దాని నోటి మాట వినకుండా కలం తెరవకూడదని మునియప్ప ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు నాకు నేర్పారు. మా సెక్షనులో ఒక తల తగ్గుతుందని తెలిసే, చిన్నదాని పేరు పక్కన కామర్సు అని రాశాను.