అంటుకోని చుట్ట

బాబాయి చుట్ట ఒక్క అగ్గిపుల్లతో పూర్తయిందని ఆ సిమెంటు గోదాములో ప్రమాణం చేసి చెప్పగల మనిషి లేడు. పుల్ల గీస్తాడు, చుట్ట అంటుకోదు. నాలుగు జేబులూ తడుముకుంటాడు, లేని ఐదో జేబు కూడా తడుముతాడు. తర్వాత ఇంకో అగ్గిపెట్టె కోసం గేటు కాపలావాడి దాకా బయల్దేరతాడు, పెళ్లి పిలుపులకి వెళ్లినంత నింపాదిగా. దారిలో లారీ డ్రైవరు పిల్లల చదువులు కనుక్కుంటాడు.

అక్కడ మేస్త్రీ పెట్టిన రూలు అలాంటిది. చేతిలో చుట్టో సిగరెట్టో ఉన్నవాడు కూర్చోవచ్చు. అందరిలోకీ పెద్దవాడైన బాబాయి చుట్ట అయిపోతే అందరూ లేవాలి. పొగ మధ్యలో మనిషిని లేపకూడదన్నది మేస్త్రీకున్న ఏకైక ధర్మం. పొగ లేనివాడికి విరామంతో పనేముంది, బస్తా ఎత్తాలి.

పొగ లేనివాడు ముప్పైమందిలో ఒక్కడే. రెండు నెలల కిందట చేరిన కుర్రాడు. పాత కాగితాల కొట్లో దొరికిన పుస్తకాలన్నీ చదివి లోకం మీద కోపం పెంచుకున్నవాడు. మొదటిరోజు బాబాయి చుట్ట చాపితే, పేదవాడి ఊపిరితిత్తుల మీద కంపెనీలు ఎలా మేడలు కడుతున్నాయో పావుగంట ఉపన్యాసమిచ్చాడు. అందరూ చుట్టలు కాలుస్తూ శ్రద్ధగా విన్నారు. బాగా చెప్పావని మెచ్చుకుని బాబాయి అగ్గిపెట్టె కోసం వెళ్లిపోయాడు. ఆయన తిరిగొచ్చేలోపు కుర్రాడి వీపు మీదుగా పదకొండు బస్తాలు లారీ ఎక్కాయి. ఈ ముసలాడంత పనిదొంగ పుస్తకాల్లో కూడా లేడనుకున్నాడు.

రెండు నెలలకి నడుం పట్టేసింది. సెలవడిగితే పని ఇంకొకడికి పోతుంది. ఒక మధ్యాహ్నం ఉపన్యాసమంతా దిగమింగి సిగరెట్టు కొన్నాడు. నోట్లో పెట్టుకోగానే బాబాయి దాన్ని లాగేశాడు.

"అలవాటుందా?"

"లేదు. కూర్చోవాలి."

"కూర్చోడానికి కాల్చడమెందుకురా? ఇది పట్టుకో."

అరచేతిలో పెట్టిన చుట్ట తడిగుడ్డలా ఉంది.

"పొద్దున్నే నీళ్లలో ముంచి తెస్తా. నేను మానేసి తొమ్మిదేళ్లు. ఇది త్వరగా కాలితే వీళ్ల నడుములు ఏం కావాలి? నీకూ మొదటిరోజే ఇవ్వబోయా. మాట్లాడనిచ్చావా?"

కుర్రాడు ఆ తడి చుట్టని పళ్ల మధ్య పెట్టుకున్నాడు. కూర్చున్నాడో లేదో, మేస్త్రీ వచ్చేశాడు.

"నువ్వు కూడా మొదలెట్టావా?" అన్నాడు, దారితప్పిన మేనల్లుడు ఇల్లు చేరినంత సంబరంగా. తన లైటరు తీసి స్వయంగా వెలిగించబోయాడు. అంటుకోలేదు. చెయ్యి అడ్డం పెట్టాడు, గాలికి వీపు తిప్పాడు, చివరికి బొటనవేలు కాల్చుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఈ ఏడు గాలి మరీ పాడుగా ఉందని బాబాయి నిట్టూర్చాడు.

"పాపం," అన్నాడు మేస్త్రీ. రెండు నెలలుగా కళ్లముందు వంగిపోతున్న నడుముని చూసి ఒక్కనాడూ రాని మాట, చుట్టని చూసి వచ్చింది. "అంటుకునేదాకా లేవకురా అబ్బాయ్."

కుర్రాడు బుద్ధిగా తలూపి, గోడకి చేరబడి, కాళ్లు చాపాడు.