ఇబాదెత్ పెట్టని భోజనం

జెయ్తిన్‌బుర్నులో చైనా విడిచొచ్చిన మావాళ్ళుండే ఈ వీధి మొత్తానికి ఇబాదెత్ అంత కుదురులేని మనిషి మరొకతె లేదు. చేత్తో సాగదీసే నూడిల్స్ అంగడి ఆమెది, దాని పక్కనే నా టోపీల కొట్టు. పిండికి నూనె రాసి కాసేపు వదిలెయ్యాలా, ఊరికే మూత తీసి చూస్తుంది. "ఆ పిండినైనా కాస్త ఊపిరి పీల్చుకోనియ్యవే తల్లీ!" అని కసురుతూనే ఉంటాను.

కుదురెలా ఉంటుంది? కాష్గర్‌లో ఉన్న ఆమె అన్న కురెష్‌ను చైనా పోలీసులు చదువు నేర్పిస్తామంటూ నిర్బంధ శిబిరానికి పట్టుకుపోయారు. ఆ తర్వాత అక్కణ్ణుంచి ఫోను లేదు. ఉన్నాడో పోయాడో తెలియదు.

"ఏళ్ళు గడిచాయి. పోయినవాళ్ళ పేరున పెట్టే నెజిర్ భోజనం పెట్టెయ్యి, ఆ జీవికి శాంతి" అని ఆడపడుచు పోరు.

ఇబాదెత్ గరిటె ఎత్తేది. "బతికున్నవాడికి పెడితే నేనే చంపినట్టు కాదూ, వదినా!"

పోయిన చలికాలం, చైనా మాటెత్తితే ఆచితూచి మాట్లాడే మా ప్రభుత్వం ఎందుకో కదిలింది. రాజధాని అంకారా నుంచి ఒక అధికారి మావాళ్ళ సంఘం గదికి వచ్చి, అక్కడ జాడ తెలియని మీవాళ్ళ పేర్లు చెబితే చైనావాళ్ళను అడుగుతామన్నాడు. అందరూ చెప్పారు. ఇబాదెత్ గుమ్మం దాకా వెళ్ళడం, వెనక్కి రావడం.

"చెబితే లోపల ఇంకా కొడతారేమో బాబాయ్!"

నాకు ఒళ్ళు మండింది. "చెప్పకపోతే పూలపాన్పు మీద పడుకోబెడతారా?"

చెప్పింది. ఆ రోజు నుంచి ఆమెకు నిద్ర లేదు, పక్కకొట్టువాణ్ణి కాబట్టి నాకు మనశ్శాంతి లేదు. నేనెందుకు తొందరపెట్టానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

వసంతంలో పిలుపొచ్చింది. తోడు వెళ్ళాను. పోయిన వారం తీసిందంటూ అధికారి ఒక వీడియో చూపించాడు. కురెష్! మీసం తీసేశారు, బుగ్గలు లోపలికి పోయాయి. ఎవరో రాసిచ్చింది అప్పజెబుతున్నట్టు అన్నాడు: "నేను బాగున్నాను. విదేశాల్లో నాకు చెల్లెళ్ళెవరూ లేరు."

అధికారి ఇబ్బందిగా దగ్గాడు. "ఏం చేస్తాం అక్కా, ఆయనే చెల్లెలు లేదంటున్నాడు. ఇక ఇది ఇంతటితో ముగిసినట్టే."

నా గుండె పగిలింది. ఇబాదెత్ మాత్రం తెర మీద అన్న ముఖాన్ని వేలితో తడుముతోంది. కళ్ళు ధారలు కడుతున్నాయి, పెదాలు నవ్వుతున్నాయి.

"ముగించొద్దు బాబూ" అంది. "వచ్చే నెల మళ్ళీ అడగండి. చెల్లెలు లేదని మా అన్నను మళ్ళీ చెప్పమనండి."