వెళ్ళేముందు ఒక్క ప్రశ్న

కోరుట్ల అంజన్న ఆరేళ్ళుగా 'వచ్చే నెల' విదేశానికి వెళ్ళిపోతున్నారు. సంచి సర్దే ఉంటుంది, పాస్‌పోర్టు జేబులోనే ఉంటుంది. వెళ్ళేముందు ఒక్క ప్రశ్న అడగాలంటారు, అంతే. ఆ ఒక్క ప్రశ్న ఇప్పటికి మూడు దేశాలు తిరిగింది. ఇంకా పూర్తి కాలేదు.

మా ప్రాంతంలో విదేశానికి వెళ్ళడం వింతేమీ కాదు. పక్కనే ఉన్న ఇబ్రహీంపట్నంలో ఏ ఇంటి తలుపు తట్టినా ఆ ఇంటి మనిషి ఒకరు గల్ఫ్‌లో ఉంటారు. అంజన్న ప్రయాణం మాత్రం ఎవరికీ అర్థం కాదు. యూరప్‌లో ఎక్కడో పరుపులు అమ్మే ఒక కంపెనీకి ఆయన ఇంటి నుంచే పనిచేస్తారు. నడుం పట్టేసినవాళ్ళు, పరుపు గుంటపడినవాళ్ళు తమ బాధను కంప్యూటర్‌లో రాసి పంపితే, ఈయన కోరుట్లలో చాప మీద కూర్చుని ఇంగ్లీషులో ఓదారుస్తారు. మధ్యాహ్నం మొదలయ్యే పని, పొద్దుటిపూటంతా ఖాళీ. ఆ జీతానికి ఏదైనా చవక దేశంలో సముద్రం కనిపించే గది దొరుకుతుందని ఆయన వాదన. వాళ్ళమ్మ కొమురమ్మ వాదన వేరు.

"లోకమంత పనికోసం దేశం పోతది. నా కొడుకు పనిని ఇంట్ల పెట్టుకోని, పండుకోనీకి దేశం పోతడట!"

ఒకసారి వియత్నాంలో ఇల్లు అద్దెకిచ్చే ఒకావిడకు వీడియో కాల్ చేశారు. నేను పక్కనే ఉన్నాను కనుక సాక్ష్యం చెప్పగలను. నల్లా ఎన్ని గంటలకు వస్తుంది? బాత్రూములో బకెట్ ఉందా? మిరపకాయలకు కారం ఉంటుందా? వీధికుక్కలు కొత్త మనిషిని గుర్తుపట్టడానికి ఎన్నాళ్ళు తీసుకుంటాయి? ఆవిడ వచ్చీరాని ఇంగ్లీషులో, ఎంతో ఓపికగా, ఇరవై ఆరు ప్రశ్నలకు జవాబిచ్చింది. ఇరవై ఏడోది: "నీ గదిలో నేను చచ్చిపోతే మొదటి ఫోను ఎవరికి చేస్తావు?" కాల్ కట్టయింది.

"సూసినవా చెల్లె, జవాబు లేదు. ఆ ఇల్లు క్యాన్సల్."

"ఆమె భయపడ్డదే అన్నా!"

"భయపడ్డదంటె ఇంతకు ముందు ఎవలో ఒగలు సచ్చినట్టే గద!"

జార్జియా కూడా ఇలాగే పోయింది. కరెంటు పోతే ఎవరి గడప మీద కూర్చుని ముచ్చట పెట్టుకోవాలో అక్కడి బ్రోకరు చెప్పలేకపోయాడు. అల్బేనియా ఎందుకు పోయిందో నేను అడగలేదు; అడిగితే చెబుతారు.

ప్రశ్న పుట్టినప్పుడు ఆయన ఒకచోట నిలవలేరు. సిరిసిల్ల బస్సు వేములవాడలో పది నిమిషాలు ఆగితే, దిగి బస్సు చుట్టూ తిరుగుతారు. డ్రైవరు హారన్ కొడుతుంటే, ఈ బస్సుకు హారన్ ఎవరు బిగించారని ఆ డ్రైవరునే అడుగుతారు.

ఈ వ్యవహారంతో నాకు మొదటినుంచీ ఒళ్ళు మండేది. న్యాయశాస్త్రం చదివి, వలస కార్మికుల కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతున్నదాన్ని. ఉన్న ఊరిలోని అన్యాయాన్ని ఎదుర్కోకుండా సముద్రం చూడడానికి పోతానంటే ఎలా సహించను? ఒకరోజు నిలదీశాను.

"నువ్వు పోవుడు గాదన్నా, పారిపోవుడు!"

ఆయన కోపగించుకోలేదు. జగిత్యాలలో గది కోసం వెతికిన కథ చెప్పారు. తొమ్మిది ఇళ్ళు తిరిగారట. జీతమెంత అని గానీ, ఎంతమంది ఉంటారని గానీ ఎవరూ అడగలేదు. అందరూ అడిగింది ఒకటే: "మీరు ఏమిటోల్లు?" తొమ్మిదో ఇంట్లో విసిగిపోయి "పరుపులోల్లం" అన్నారట. ఇంటాయన చాలాసేపు ఆలోచించి, "గా కులం మాకు పడది" అని తలుపేసుకున్నాడట.

"నన్ను అందరు గా ఒక్కటే అడుగుతరు చెల్లె. అందుకె మిగిలినయన్ని నేనడుగుత."

ఆయన నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు. ఏ సెక్షన్ కింద ఆ తొమ్మిది తలుపులనూ కోర్టుకు నడిపించవచ్చో లెక్క వేసుకుంటూ ఇంటికి వచ్చాను.

ఆయనకు క్షమించరాని అలవాటు మరొకటుంది: ఏజెంట్ల ఆఫీసులు. సోమవారం సిరిసిల్ల, బుధవారం జగిత్యాల, శనివారం కోరుట్ల. విదేశీ ఉద్యోగాల బోర్డు కనిపిస్తే చాలు, లోపలికి దూరి ప్రశ్నలు మొదలుపెడతారు. సిరిసిల్లలో ఒక ఏజెంటు ఈయన కోసమే 'ఉద్యోగం కావలసినవారు మాత్రమే' అని కాగితం అంటించాడు. ఆ 'మాత్రమే' ఎవరికి వర్తిస్తుందని ఈయన అరగంట అడిగారు. కోరుట్లలో ఒకడు ఈయనను చూడగానే లోపల గడియ పెట్టుకున్నాడు. తలుపు బయట నుంచి పదహారు ప్రశ్నలు!

"వాళ్ళను జైల్ల పెట్టియ్యాలని నేను తిరుగుతుంటె, నువ్వు వాళ్ళ బెంచీల మీద కూసుంటవా అన్నా?"

"ఏసీ మంచిగుంటది చెల్లె. చాయ్ గూడ ఇస్తరు."

నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అలాంటి రోజుల్లో, ఒక మంగళవారం, బీర్‌పూర్ నుంచి నాగవ్వ నా దగ్గరికి వచ్చింది. పసుపు పండించే కుటుంబం. భర్త రాజమల్లు దుబాయిలో పదేళ్ళు ఇటుకలు మోసి వచ్చాడు.

"బిడ్డా, మా సతీశ్ ఎల్లుండి పోతుండు. కంప్యూటర్ల టైపు కొట్టుడట. వద్దంటె ఇంటలేడు. బాపు ఎండల మోసిండు, నేను ఏసీల కూసుంటనంటడు."

ఆమె చెప్పిన దేశం పేరు వినగానే లేచి ఫైలు తీశాను. అలాంటి 'టైపింగ్' ఉద్యోగానికి వెళ్ళి, తాళం వేసిన భవనంలో కూర్చుని, ఫోన్లలో జనాన్ని మోసగించే పనిని దెబ్బలకు భయపడి చేసి, ఎలాగో బయటపడిన ఇద్దరి వాంగ్మూలాలు అందులో ఉన్నాయి. సతీశ్‌కు ఫోన్ చేశాను. "మేడం, మీకు ఏజెంట్లంటెనే పడది గద" అని పెట్టేశాడు. ఫిర్యాదు రాసి పట్టుకెళ్ళాను. "ఇంకా నేరం జరగలేదు కదా. వెళ్ళాక ఏమైనా అయితే రండి," అన్నాడు అధికారి. వెళ్ళాక ఎలా రావాలో మాత్రం సెలవివ్వలేదు.

బుధవారం ఉదయం లీగల్ నోటీసు పట్టుకుని సతీశ్‌ను పంపుతున్న జగిత్యాల ఏజెంటు ఆఫీసులోకి దూసుకెళ్ళాను. బెంచీ మీద ఏడుగురు యువకులు. చివర సతీశ్. వాళ్ళ ముందు, చాయ్ గ్లాసుతో అటూ ఇటూ నడుస్తూ, అంజన్న! నోటీసు చించి ఆయన నెత్తిన వేద్దామనిపించింది.

"సార్, ఒక్క ప్రశ్న. పోయేముందు అడుగుడు మంచిది గద. ఆడ ఆఫీసు కిటికీ తెరుసుకుంటదా?"

"ఏసీ ఆఫీసుకు కిటికీ ఎందుకయ్యా!"

"గదే నేనంట. మరి చాయ్ తాగనీకి బయటికి పోవచ్చునా?"

"చాయ్ లోపటికే వస్తది."

"ఎంత మంచిగ సూసుకుంటరు సార్! సబ్బు కొనుక్కోవాలంటె?"

"అన్ని లోపట్నే దొరుకుతయి. బయటికి పోవుడే అవసరం లేదు."

"ఆదివారం?"

"ఆదివారం గూడ లోపట్నే. మస్తు సేఫ్."

బెంచీ మీద ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంజన్న గ్లాసు పక్కన పెట్టారు.

"నేను తెల్వక అడుగుతున్న సార్. నేను గూడ కంప్యూటర్ల టైపే కొడుత. కంపెనీ యూరపుల ఉన్నది, నేను కోరుట్లల ఉన్న. మా సారు నా మొకం గూడ సూడలె. గీ పని గూడ ఇంట్లకెల్లి చెయ్యచ్చు గద? టికెటు పెట్టి మనిషిని తీసుకపోయి తలుపెందుకేస్తరు?"

"అది... కంపెనీ రూలు."

"అయితె ముందు పోయిన పిలగానికి ఒక్క వీడియో కాల్ చెయ్యుండ్రి. ఏం అడుగ. ఊకె సూస్త."

"డ్యూటీల ఫోన్లు ఇయ్యరు."

"డ్యూటీ అయినంక చేద్దాం. ఎప్పుడైతది?"

ఏజెంటు బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. బెంచీ మీద ఒకడు మెల్లగా లేచాడు: "సార్, మరి అమ్మకు బాగలేదంటె నాకెట్ల తెలుస్తది?" రెండోవాడు: "చర్చికి పోనియ్యరా సార్?" అప్పుడు సతీశ్ లేచాడు.

"నా పాస్‌పోర్టు ఇయ్యుండ్రి."

"కంపెనీకి పంపిన."

"కొరియర్లనా? ఏ తారీఖు? రసీదు సూపిస్తరా?" అన్నారు అంజన్న, ఎంతో వినయంగా.

నేనూ ఒక ప్రశ్న అడిగాను: "వలసల చట్టం పదో సెక్షన్ ప్రకారం మీ రిజిస్ట్రేషన్ నంబరెంత?"

సొరుగు తెరుచుకుంది. ఏడు పాస్‌పోర్టులూ అందులోనే ఉన్నాయి.

బయట సతీశ్ ముఖం మాడ్చుకుని నిలబడ్డాడు. "ఇప్పుడు నేనేం జెయ్యాలె అన్నా?"

"మా కంపెనీల ఇంకొకలు కావాలన్నరు. పరుపు గుంటపడ్డదని ఒకామె ఏడుస్తుంది. ఏమంటవు?"

"కొత్తది కొనుక్కో అంట."

"ఫెయిల్. రేపట్నుంచి పొద్దుగాల మా ఇంటికి రా, నేర్పుత."

సతీశ్ వెళ్ళాక నేను అంజన్నను వదలలేదు. ఇంటి నుంచి పనిచేసే మనిషికి ఏజెంటుతో పనేమిటి? ఈ ఆరేళ్ళలో నాకు తట్టని ప్రశ్న.

"అవసరమేమున్నది చెల్లె? వీసా లాప్‌టాప్‌లనే వస్తది." ఫోన్ తీసి చూపించారు. వియత్నాం వీసా. గడువు శుక్రవారంతో ముగుస్తుంది. దాని కింద గడువు దాటిపోయినవి మరో రెండు.

"మరి ఆఫీసులల్ల గా అడుగుడంత?"

"గా పోరగాండ్లకు అడగాలంటె సిగ్గు. అడిగితె ఉద్యోగం పోతదని భయం. నాకేం పోతది? నేను పోయేటోన్నే గాదు."

"అన్నా, శుక్రవారం దాక టైమున్నది. టికెట్ నేను తీస్త, పో! సముద్రం సూసి రా!"

"శుక్రవారమా?" ఆయన అప్పటికే బస్టాండు వైపు నడవడం మొదలుపెట్టారు. "వేములవాడల కొత్త ఆఫీసు తెరిసిండ్రట చెల్లె. శుక్రవారమే మంది ఎక్కువుంటరు."

శుక్రవారం పొద్దున వేములవాడ బస్సులో ఆయన పక్క సీట్లో నేనున్నాను. నన్నూ ఒక ప్రశ్న తయారు చేసుకోమన్నారు. సెక్షన్ నంబరు ఉండకూడదని షరతు. చాలాసేపు శ్రమించి ఒకటి తయారు చేశాను.

"ఆడ అన్నంల పురుగొస్తె ఎవలకు చెప్పాలె?"

అంజన్న కళ్ళు మూసుకుని విన్నారు.

"మంచిగనే ఉన్నది గని, జైల్ల పెట్టేటట్టు అడుగుతున్నవు చెల్లె. జర నవ్వుకుంట అడుగు."