మరియమ్మ గారి సీను

2007వ సంవత్సరం. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన మరుసటి ఏడాది. నీళ్ళు మళ్ళీ పరుచుకున్నాయి, ఎటు కెమెరా పెట్టినా అడ్డు లేదు. ఆ నీళ్ళ కోసమే బొంబాయి నుంచి ఒక చిన్న హిందీ సినిమా యూనిట్ ఏలూరు వచ్చి దిగింది. నేను వాళ్ళకి లొకేషన్ మేనేజర్‌ని. అంటే షూటింగుకి చోటు వెతకడం, పంచాయతీ వాళ్ళని ఒప్పించడం, దోనెలు మాట్లాడటం, భోజనాలు వేళకి అందేలా చూడటం నా పని. సినిమా బాగా ఆడితే మమ్మల్ని ఎవరూ తలుచుకోరు. కూరలో ఉప్పు తగ్గితే మాత్రం అందరికీ మా పేరే గుర్తొస్తుంది.

డైరెక్టరు పేరు సమీర్. అతనికిదే మొదటి సినిమా. కథలో, పట్నంలో పనికెళ్ళిన కొడుకు చనిపోయాడన్న వార్త ఒక తల్లికి కొల్లేటి ఒడ్డున తెలుస్తుంది. ఆ తల్లి వేషానికి నటి వద్దని, ఊరి మనిషే కావాలని పట్టుబట్టాడు. కలిదిండి వైపు ఒక లంక గ్రామంలో, చేపల పట్టుబడికి కూలికెళ్ళే మరియమ్మ గారిని చూసి "ఈవిడే" అన్నాడు.

అసలు కష్టం అక్కడే మొదలైంది. ఊరి చర్చి సంఘ పెద్ద యేసురత్నం గారు ససేమిరా అన్నారు. "సినిమాల్లో ఆడేవాళ్ళు మన సంఘంలో లేరండి. రేపు పిల్లలకి ఏం చెబుతాం?" అన్నారు. పాస్టరు గారు మాత్రం, తల్లి వేషమే కదా, తప్పేముందని అనుమతిచ్చారు. మరియమ్మ గారికి ఒకటే దిగులు.

"ఏవండీ ప్రసాదు గారూ, నా వల్ల ఆ బాబు సినిమా పాడవదు కదండీ?" అని నన్ను పక్కకి పిలిచి అడిగారు.

పాడవలేదు. గట్టు మీద చేపల బుట్ట దించుతూ వార్త విని, ఆవిడ ఏడవకుండా నిలబడిపోయారు. బుట్టలోంచి జారిన చేపల్ని ఒక్కొక్కటే ఏరి మళ్ళీ బుట్టలో వేశారు. అప్పుడు ఏడ్చారు. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఎన్నో షూటింగులు చూసిన మా యూనిట్ భోజనం సంగతి మరిచిపోయింది. సమీర్ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, వచ్చీరాని తెలుగులో "అమ్మా, సినిమా ఇదే" అన్నాడు.

యూనిట్ వెళ్ళిపోయింది. కొన్ని నెలలకి, షూటింగులో మాకు దోనెలు నడిపిన ఆ ఊరి ఏడుకొండలు నాకు ఫోన్ చేశాడు.

"ప్రసాదు గారండీ, మన సినిమా టీవీలో వచ్చేసిందండీ! నేను దోనె మీద నుంచుంటే ఎంత బాగున్నానండీ! ఊరంతా కలిసి బొంబాయికి ఫోన్ చేసి డైరెక్టరు గారికి కూడా చెప్పేశామండీ."

సినిమా ఇంకా పూర్తే కాలేదు. బస్సెక్కి కలిదిండి వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలో ఆ ఊరు చేరేసరికి కేబుల్‌లో రెండోసారి వేస్తున్నారు. చూసి నా ఒళ్ళు మండిపోయింది. అది రఫ్ కట్. అంటే తీసిన సీన్లని ఒక వరసలో అతికించి చూసుకునే చిత్తు కాపీ. కింద నిమిషాలు, సెకన్లు లెక్కపెట్టే టైమ్ కోడ్ అంకెలు పరుగెడుతున్నాయి. సంగీతం లేదు, గాలి హోరులో సగం మాటలు వినబడవు. బొంబాయిలో ఏ పుణ్యాత్ముడో ఆ కాపీని ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఏలూరులో ఒక నెట్ సెంటర్ వాళ్ళు దాన్ని దించి సీడీలు కొట్టి అమ్మారు. ఆ సీడీయే కేబుల్ రాంబాబు చేతికొచ్చింది.

నేను రాంబాబుని నిలదీశాను. అతను చాలా మర్యాదగా కుర్చీ వేశాడు.

"మీకెందుకండీ అంత బాధ? బొంబాయోళ్ళకి కోట్లుంటాయండి. మనోళ్ళని మనూళ్ళో చూపించాను. మెచ్చుకోవాల్సింది పోయి కేకలేస్తారేంటండీ?"

కోట్లట! సమీర్ షూటింగు జరిగినన్నాళ్ళూ మాతో పాటే బడి వరండాలో చాప మీద పడుకున్నాడు. రాంబాబు నా మాట వినలేదు సరికదా, చుట్టూ చేరినవాళ్ళు కూడా అతని వైపే మాట్లాడారు. పోలీస్ స్టేషన్‌కి వెళితే, "హిందీ సినిమాయే కదండీ, ఇక్కడెవరికి నష్టం?" అని నవ్వారు.

ఎవరికి నష్టమో ఆ సాయంత్రమే తెలిసింది. మరియమ్మ గారు నా కోసం చెరువు గట్టు మీద కాచుకుని ఉన్నారు.

"నేను బాగా చెయ్యలేదాండీ? నాది తీసేశారంటన్నారు."

అప్పుడు వెలిగింది నాకు. ఆ సీనులో గాలి చప్పుడు ఎక్కువగా ఉందని, దాన్ని సరిచేయడానికి సమీర్ విడిగా సౌండ్ స్టూడియోకి పంపాడు. చిత్తు కాపీలో ఆ చోట 'సీన్ మిస్సింగ్' అని ఇంగ్లీషు అక్షరాలున్న నల్ల తెర మాత్రం పెట్టాడు. ఎడిటింగ్‌లో ఇది మామూలే. ఆ అక్షరాలు ఊళ్ళో ఎవరు చదివారు? తెర నల్లబడింది, మరియమ్మ గారు లేరు, అంతే. ఆవిడకి చేతకాక తీసేశారన్నారు కొందరు. యేసురత్నం గారైతే, అది దేవుడే తీయించేశాడని ప్రార్థన కూటంలో అన్నారట. పట్టుబడిలో తోటివాళ్ళు ఆవిడని "హీరోయినమ్మా" అని పిలుస్తున్నారు.

సమీర్‌కి ఫోన్ కలిపి ఇచ్చాను. మీ అంత బాగా ఎవరూ చెయ్యలేదని అతను ఎంతగానో చెప్పాడు.

"ఆ మాట నాకు కాదు బాబూ, ఊళ్ళో చెప్పాలి" అన్నారావిడ.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు ఫోన్ లౌడ్ స్పీకర్‌లో పెట్టి నిలబడ్డాను. సమీర్ హిందీలో చెప్పాడు, నేను తెలుగులో చెప్పాను. ఆ సీను తీసేయలేదని, విడిగా ఉందని, ఆ సీను లేకపోతే తన సినిమాయే లేదని అన్నాడు. అందరూ శ్రద్ధగా విన్నారు. ఆఖర్న యేసురత్నం గారు నా భుజం తట్టారు.

"మీరు మంచోరండి ప్రసాదు గారూ. ఆవిడ బాధపడుతుందని అలా చెప్పిస్తున్నారు. మేం కళ్ళారా చూశాం కదండీ."

సినిమా విడుదలైతే తెర మీదే జవాబు దొరుకుతుందని నేను ఆశపడ్డాను. విడుదల కాలేదు. కొంటానని మాటిచ్చిన పంపిణీదారు, నెట్‌లో దొరికే సినిమాకి హాళ్ళెందుకని తప్పుకున్నాడు. సంగీతం కట్టనే లేదు. బాకీ తీరలేదని సౌండ్ స్టూడియో వాళ్ళు ఆ సీను కూడా తిరిగివ్వలేదు. మరియమ్మ గారి సీను బొంబాయిలో ఏ డబ్బాలో మూలుగుతోందో సమీర్‌కే తెలియదు. అతనిప్పుడు పెళ్ళిళ్ళకి వీడియోలు తీస్తున్నాడు.

పైరసీ గురించి మాటొస్తే పెద్ద హీరోలకి, నిర్మాతలకి నష్టమంటారు, వాళ్ళకేం తక్కువని నవ్వుతారు. అలా నవ్వేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ కోపం ఆగదు. దొంగిలించినవాడు ఒక చిత్తు కాపీని ఊరికి అసలు సినిమాగా చూపించాడు. ఆ అబద్ధాన్ని కాదనడానికి మా దగ్గర ఏ రుజువూ మిగల్చలేదు. నా వృత్తిలో నేను చూసిన దొంగతనాలన్నిట్లోకీ నీచమైనది అదే.

రెండేళ్ళ తర్వాత హైదరాబాదు నుంచి ఒక సీరియల్ యూనిట్ వచ్చింది. వాళ్ళకీ ఒక తల్లి వేషం కావాలి. నేను తిన్నగా మరియమ్మ గారింటికి వెళ్ళాను. ఆవిడ కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, నేను చెప్పిందంతా విన్నారు.

"ఎవరినైనా తెలిసినోళ్ళని పెట్టుకోండి ప్రసాదు గారూ. నాకు రాదు కదండీ ఆ పని" అన్నారు.