అచ్చు వేడెక్కేదాకా

మా పక్కింటి తాత పోయాడన్న సంగతి నాకు బస్సు దిగిన చోటే తెలిసింది. హాస్టల్లో చదువుతున్న కొడుకును చూసి రావడానికి హైదరాబాద్ వెళ్ళాను. తిరిగి నారాయణఖేడ్ డిపో ముందు దిగానో లేదో, ఎదురుగా టైర్ల దుకాణం నడిపే, నేను తమ్ముడని పిలిచే కుర్రాడు చేతిలో పని వదిలేసి లేచి వచ్చాడు.

"అక్కా, గోలీల తాత పోయిండు. నిన్న పొద్దుగాల ఛాతీల నొప్పి అన్నడట. దవాఖానకు తీస్కపోతుంటె తొవ్వలనే పాణం పోయింది. మాపటికల్లా మన్నుల పెట్టిన్రు" అన్నాడు.

నా సంచిలో తాతకని కొన్న మెత్తటి బిస్కెట్లు ఉన్నాయి. పళ్ళు లేని మనిషి, చాయలో ముంచుకుని తినేవాడు. ఆ సంచి పట్టుకుని ఇంటి దాకా నడిచాను. ఆటో ఎక్కాలన్న ఆలోచన కూడా రాలేదు.

గోలీలంటే పిల్లలాడుకునేవి కావు. తాతకు లైసెన్సున్న పాత బందూకు ఒకటి ఉండేది. కంగ్టి తొవ్వలో ఉన్న చేనును అడవిపందుల నుంచి కాచుకోవడానికి వాళ్ళ నాయన కాలంలో ఇచ్చినది. గొట్టం మూతిలోంచి మందు కూరి, సీసం గోలీ వేసే రకం. అలాంటిదానికి గోలీలు ఏ దుకాణంలోనూ దొరకవు, ఎవరివి వాళ్ళే పోసుకోవాలి. కారు చక్రాల అంచుకు బిగించే చిన్న సీసం ముక్కలను, పాతబడి ఊడినప్పుడల్లా, టైర్ల తమ్ముడు తాత కోసం ఒక డబ్బాలో వేసి ఉంచేవాడు. తాత వాటిని ఇనుప మూకుట్లో కరిగించి అచ్చులో పోసేవాడు. ఇంత చేసి ఆయన ఒక్క పందినైనా చంపాడని నేను వినలేదు. గట్టు మన్నులోకి కాల్చేవాడట. "పారిపోతె సాలు బిడ్డా, పడుడెందుకు? దానికీ పిల్లలుంటయి" అనేవాడు. అలాగైతే ఉత్త మందు పేలిస్తే చాలదా అని నేనంటే, గోలీ లేని చప్పుడును పందులు ఇట్టే కనిపెడతాయని వాదించేవాడు. ఆ వాదనలో ఆయన్ని గెలిచినవాళ్ళు లేరు.

నేను ఆ గోలీల పనిలోకి ఎలా వచ్చానో చెప్పాలి. మా ఆయన పోయినప్పుడు దినాలయ్యేదాకా ఇల్లంతా మనుషులే. తర్వాత ఎవరి పని వాళ్ళది, తప్పని నేననను. కొడుకు హాస్టల్‌కు వెళ్ళిపోయాడు. తహసీలు ఆఫీసు దగ్గర నాకొక జిరాక్సు దుకాణం ఉంది. వారమంతా వచ్చిపోయే వాళ్ళ మాటల్లో ఎలాగో గడిచేది. ఆదివారం మాత్రం గడిచేది కాదు. ఒక్కదాని కోసం వంట ఏమిటని చాయతో సరిపెట్టుకునేదాన్ని. మాపటికి గొంతు విప్పి ఎవరినైనా పిలిస్తే మాట బొంగురుగా వచ్చేది, పొద్దుటి నుంచి వాడలేదు మరి.

అలాంటి ఒక ఆదివారం తాత తలుపు కొట్టాడు. చేతిలో పట్టకారులాంటి వస్తువు, రెండు కట్టె పిడులు, కొసన రెండు ఇనుప దిమ్మలు. అదే అచ్చు.

"బిడ్డా, జర ఒక చెయ్యి సాయం గావాలె. ముసలిది పోయినంక సీసం పోసుడే బందయ్యింది. ఇది ఒక్కనితోని అయ్యే పని గాదు. ఒకరు అచ్చు పట్టాలె, ఒకరు పొయ్యాలె."

"నాకు రాదు తాతా."

"రోకలి పట్టొస్తదా? గంతే. బా, బా."

బా అంటే కన్నడంలో రమ్మని. వాళ్ళ పెద్దలు బీదర్ వైపు నుంచి వచ్చినవాళ్ళు. తొందరలో ఉన్నప్పుడూ, ప్రేమ వచ్చినప్పుడూ తాతకు తెలుగు తప్పిపోయేది.

ఆ రోజు నేను పట్టిన అచ్చులోంచి పడ్డ మొదటి గోలీ ఎండిన ఉసిరికాయలా ముడతలు పడి ఉంది. రెండోదీ అంతే. నావల్లే చెడిపోతోందని లేవబోయాను. "కూసో. నీ తప్పేం లేదు. అచ్చు ఇంక సల్లగున్నది. అది వేడెక్కేదాక ఏది పోసినా ముడతలే" అన్నాడు తాత. చెడిన రెంటినీ తీసి మళ్ళీ మూకుట్లో పడేశాడు. "సీసానికి సిగ్గు లేదు బిడ్డా. ఎన్నిసార్లు చెడినా కరిగి మల్ల గోలీ అయితది" అన్నాడు. కాసేపటికి నున్నటి గోలీ ఒకటి గోనెపట్టా మీద పడింది. చల్లారాక దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాను. అంత చిన్నది అంత బరువుండటం నాకు వింతగా అనిపించింది.

ఆ తర్వాత ఆదివారాలన్నీ ఆయన వాకిట్లోనే. పనిలో ఆయనకు బోలెడన్ని పట్టింపులు. ముసురు పట్టిన రోజు మూకుడు ముట్టుకునేవాడు కాదు. కరిగిన సీసంలో నీటిబొట్టు పడితే అత్త మీదికి కోడలు లేచినట్టు లేస్తుందని నవ్వేవాడు. గాలి ఎటు వీస్తుందో చూసి, పొగ నా మీదికి రాకుండా నా పీట జరిపేవాడు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోనిదే గిన్నె తాకనిచ్చేవాడు కాదు. తర్వాత తన చేత్తో కొట్టిన జొన్నరొట్టె, పుంటికూర. నేను చాలంటే వినేవాడు కాదు. ఆయన కడుపు నిండితే మాత్రం కన్నడంలో "సాకు, సాకు", చాలు చాలని, చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆదివారం నాడు నేను తిన్న తిండి అదొక్కటే.

ఎన్నికలొస్తే లైసెన్సు బందూకులన్నీ ఠాణాలో అప్పజెప్పాలి, అయిపోయాక తెచ్చుకోవాలి. తాత ప్రతిసారీ దాన్ని పాత దుప్పట్లో చుట్టి, పెళ్ళికూతుర్ని సాగనంపినట్టు తీసుకెళ్ళేవాడు. పోయిన ఎన్నికలప్పుడు వెళ్ళిన బందూకు మళ్ళీ రాలేదు. చూపు మందగించిందని లైసెన్సు పొడిగించలేదు. ఆ మాట విన్నప్పుడు నాకు తాత కంటే ముందు నా ఆదివారాలే గుర్తొచ్చాయి. బందూకే లేనప్పుడు గోలీలెందుకు, గోలీలు లేనప్పుడు నేనెందుకు? శనివారం రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున గోడ అవతలి నుంచి ఎప్పటిలాగే గొంతు వినిపించింది. "బిడ్డా, పొయ్యి ముట్టిచ్చిన. బా!"

ప్రాణం లేచి వచ్చింది. అయినా ఊరుకుంటానా? "బందూకు ఠాణల ఉన్నదాయె. ఈ గోలీలను చేతులతోని విసురుతవా తాతా?" అన్నాను.

"బందూకు ఠాణల ఉన్నదని పందులకు ఎవలు చెప్పిన్రు? నువ్వు చెప్పకు" అన్నాడు.

అప్పటి నుంచి ఈ వారం పోసిన గోలీలను వచ్చే వారం కరిగించి మళ్ళీ పోసేవాళ్ళం. ఎందుకని నేను అడగలేదు. పెద్దాయన ఒంటరివాడు, తోడు కావాలి, పోనీలే అనుకునేదాన్ని. ఆ ముసలి ప్రాణానికి ఇంతైనా చేస్తున్నానని మనసుకు తృప్తిగా ఉండేది.

దినాలకు బీదర్ నుంచి ఆయన కూతురు వచ్చింది. వచ్చినవాళ్ళకు వడ్డించడం అయ్యాక నా పక్కన కూర్చుంది.

"బాపుతోని సీసం పోసేది నువ్వేనా?"

"అవునక్కా. ఆయన ఒక్కనితోని కాకుండె గద. మీ అమ్మ ఉన్నప్పుడు ఆమె పడుతుండెనట అచ్చు."

ఆమె నా మొహం వంక చూసింది. "మా అవ్వనా? అవ్వను, మమ్మల్ని గా పొగ కాడికి రానియ్యకపోతుండె. జిందగంత ఒక్కడే పోసుకున్నడు. అచ్చు పిడులను కాలి వేళ్ళ నడుమ ఒత్తి పట్టి, ఒక చేత్తోని పోస్తుండె. నీకు ఒక్కనితోని కాదని చెప్పిండా?"

అవునని తలూపాను. ఆమే మళ్ళీ అంది. "ఫోన్ చేసినప్పుడల్లా నీ ముచ్చటే. పక్కింటి పిల్ల ఇయ్యాల రెండు రొట్టెలు తిన్నది, ఇయ్యాల నా మీద మస్కిరీ చేసి నవ్వింది అనుకుంట. గా పిల్ల ఎవలో చూడాలని ఉండె నాకు."

నేను ఏడ్చింది అప్పుడే. చావు కబురు విన్నప్పుడు కూడా రాని ఏడుపు, అంతమంది ముందు, ఆపుకోలేక ఏడ్చాను. ఇన్నాళ్ళూ ఆయనకు తోడున్నానని అనుకున్నాను. తోడు ఎవరికి అవసరమో ఆయనకు మొదటి రోజే తెలుసు.

వెళ్ళేముందు కూతురు ఆ అచ్చును నాకే ఇచ్చింది. మొన్న ఆదివారం మా వాకిట్లో పొయ్యి ముట్టించాను. కాలి వేళ్ళ మధ్య పిడులను ఒత్తిపట్టి, గరిటెతో సీసం పోశాను. మొదట ముడతలు పడ్డాయి, తర్వాత నున్నగా వచ్చాయి. ఒక్కరితో అయ్యే పనే. ఒక చేతిలో గరిటె ఉంది. రెండో చేతికి ఏ పనీ లేదు. అది ఒళ్ళో అలాగే పడి ఉంది, పట్టుకోవడానికి ఏమీ లేక.