గానుగపాళెం స్కౌటు దళం

ఆదిమూలానికి గానుగపాళెం మొదటిరోజు నుంచే నచ్చలేదు. గానుగపాళేనికీ ఆయన నచ్చలేదు. 1974లో గూడూరు నుంచి బదిలీ మీద, ఏర్పేడు దాపున ఉన్న ఆ ఊరి హైస్కూలుకు డ్రిల్లు మాస్టరుగా వచ్చాడు. ముఖాన నవ్వు కనిపించని మనిషి, మాట కరుకు. స్కౌటు మాస్టరుగా శిక్షణ పొంది ఉన్నాడు కనుక వచ్చిన ఏడాదే దళం పెట్టాడు. అన్ని వీధుల పిల్లలనూ చేర్చుకున్నాడు. దర్జీ పీరా సాహెబ్ మెడకు కట్టుకునే స్కార్ఫులు కూలి అడగకుండా కుట్టి ఇచ్చాడు. దళానికి నాయకుడిగా ఆదిమూలం హరిజనవాడ కుర్రాడు మునిరామయ్యను నిలబెట్టాడు. వాడి గొంతు ఖంగుమనేది, తోటి పిల్లలు వాడి మాట వినేవారు. ఆయన చూసింది ఆ రెండే.

ప్రారంభోత్సవానికి పంచాయతీ ప్రెసిడెంటు చెంగల్రాయుడిని పిలిచారు. ఆయన జెండా ఎగరేశాడు. స్కౌట్లు ఎక్కడైనా ఎడమ చేత్తోనే కరచాలనం చేస్తారు. నేర్పినట్టే మునిరామయ్య ముందుకొచ్చి ఎడమ చెయ్యి చాచాడు.

చెంగల్రాయుడు ఆ చేతిని చూశాడు. తర్వాత ఆదిమూలం వైపు తిరిగాడు.

"నా కొట్టంలో పేడెత్తే కుప్పుస్వామి కొడుకు గదా వీడు. నాకు ఎడం చెయ్యి ఇస్తాండాడు. నువ్వేనా నేర్పింది అయివోరా?"

"స్కౌట్ల పద్ధతి అంతేనండీ. ఎడం చెయ్యి గుండెకు దగ్గర."

"నీ పద్ధతి నీ ఇంట్లో పెట్టుకో. ఇది నా ఊరు."

మరునాడు కుప్పుస్వామిని అదే కొట్టంలో గుంజకు కట్టి కొట్టించాడు. పనిలోంచి తీసేశాడు. ఆదిమూలం పోలీసు స్టేషనుకు పోదాం రమ్మంటే కుప్పుస్వామి కదల్లేదు.

"మీరు బదిలీ అయి పోతారు సార్. నేనీడనే బతకల్ల" అన్నాడు.

ఆ వారంలోనే బడి ఆటస్థలం తన పట్టా భూమి అంటూ చెంగల్రాయుడు చుట్టూ ముళ్ళకంప వేయించాడు. హెడ్‌మాస్టరు అడ్డుపడలేదు. ఆదిమూలం పిల్లలను స్వర్ణముఖి ఏటి ఇసుకలోకి తీసుకుపోయి డ్రిల్లు చేయించాడు. అక్కడే క్యాంపు పెట్టాడు. అందరికీ ఒకే కుండలో వంట. అన్నం ఉడుకుతుండగా ఊళ్ళోవాళ్ళు కర్రలు పట్టుకుని వచ్చారు. శకుంతలమ్మ అనే ఆవిడ కొడుకు చెవి పట్టి లాగి, కుండను కాలితో తన్నింది.

"వీళ్ళ కుండలో తినేదానికా నిన్ను కనింది?"

అన్నం ఇసుకపాలైంది. ఆ సాయంత్రానికి దళంలో హరిజనవాడ పిల్లలు, సాయిబుల వీధి పిల్లలు మాత్రమే మిగిలారు. ఆదిమూలం వాళ్ళను ఓదార్చలేదు. కుండ కడిగించి మళ్ళీ ఎసరు పెట్టించాడు. పోయినవాళ్ళ మీద ఆయనకు ఎంత కసి పుట్టిందంటే, ఉన్నవాళ్ళను మర్నాడు ఎండలో రెండింతలు నడిపించాడు.

దళం ఆగలేదు. ఏటా బ్రహ్మోత్సవాలకు తిరుమల వెళ్ళి జనాన్ని అదుపు చేసేవారు, తప్పిపోయిన పిల్లలను తల్లుల దగ్గరికి చేర్చేవారు. మునిరామయ్య చదువు ఆపి రాళ్ళ క్వారీలో పనికి పోతున్నా దళాన్ని వదల్లేదు. ఊళ్ళో మాత్రం ఆదిమూలంతో ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆయన భార్య నాగులమ్మకు పాలు పోసేవాళ్ళు కూడా లేకపోయారు.

1980లో బడికి కొత్త భవనం కట్టారు. దాన్ని తెరవడానికి మంత్రి వస్తున్నాడన్నారు. ఆరేళ్ళలో మొదటిసారి చెంగల్రాయుడు ఆదిమూలం ఇంటి గడప తొక్కాడు. వేసిన కుర్చీలో కూర్చోలేదు.

"మంత్రి వస్తాండాడు. నీ పిల్లోళ్ళు బట్టలేసుకోని సెల్యూటు కొట్టల్ల."

"వాళ్ళకు నిలబడే చోటు లేదు గదా."

"కంప తీయిస్తా. ఇంక ఆడనే ఆడుకోండి. సరేనా?"

ఆదిమూలానికి గెలిచినట్టయింది. ఈ మనిషి తన ముందు తగ్గాడు. ఆ ఒక్కటి చాలనిపించింది. సరేనన్నాడు. ప్రెసిడెంటు వెళ్ళాక నాగులమ్మ అడిగింది.

"ఆ పిల్లోళ్ళతో ఒక మాట అనుకున్నారా?"

"నేను చెప్తే వస్తారు."

మర్నాడు ఏటి ఇసుకలో విషయం చెప్పాడు. మునిరామయ్య అంతా విన్నాడు.

"మేం రాము సార్."

"గ్రౌండు మనకు తిరిగొస్తాదిరా."

"గ్రౌండు మీకు కావల్ల. మా నాయన ఈపు మీద వాతలింకా ఉండాయి. ఆ కంప తీసేదానికి మా సెల్యూటు అమ్మినారు. మమ్మల్ని అడిగినారా?"

ఆదిమూలం వాడి చెంప మీద కొట్టాడు. మునిరామయ్య చెయ్యి ఎత్తలేదు, తల కూడా దించలేదు.

"దళం నాది. ఇష్టం లేనివాడు స్కార్ఫు విప్పి పోవచ్చు" అన్నాడు ఆదిమూలం.

"విప్పను. ఇది పీరా సాహెబ్ కుట్టిచ్చింది. మీరిచ్చింది కాదు."

మంత్రి వచ్చిన రోజు ఆటస్థలం చుట్టూ కంప లేదు. లోపల పిల్లలూ లేరు. జెండా కర్ర పక్కన ఖాకీ బట్టల్లో ఆదిమూలం ఒక్కడే నిలబడి సెల్యూట్ చేశాడు. స్కౌట్లు ఏరీ అని మంత్రి అడిగితే చెంగల్రాయుడు నవ్వాడు. ఆ నెల తిరగకుండా ఆదిమూలానికి కుప్పం అవతల, తమిళనాడు సరిహద్దులోని ఊరికి బదిలీ అయింది. సామాను బండికెత్తుకునే రోజు సాగనంపడానికి ఎవరూ రాలేదు. మునిరామయ్య కూడా రాలేదు. ఆటస్థలానికి మళ్ళీ కంప వేశారని పీరా సాహెబ్ తర్వాత ఎవరితోనో చెప్పి పంపాడు.

కుప్పం వైపు బడిలోనూ ఆదిమూలం దళం పెట్టాడు. అక్కడా పిల్లలు ఆయనంటే భయపడ్డారు. 1986 బ్రహ్మోత్సవాలకు వాళ్ళను తీసుకుని కొండ మీదికి వెళ్ళాడు. గరుడసేవనాడు మాడవీధి మూలలో జనం తోసుకుంటుండగా, ఎదురుగా ఇంకో దళం వచ్చింది. దాని ముందు మునిరామయ్య ఉన్నాడు. కాస్త లావయ్యాడు, మీసం పెంచాడు. వెనక గానుగపాళెం పిల్లలు. అన్నీ ఆదిమూలం ఎరగని ముఖాలే.

మునిరామయ్య ఆయనను గుర్తుపట్టాడు. నమస్కారం పెట్టలేదు.

"సార్, మీ పిల్లోళ్ళు దోవకు అడ్డంగా నిలబడినారు. జనం పడిపోతారు. పక్కకు జరపండి."

ఆదిమూలానికి అరికాలి మంట నెత్తికెక్కింది. తన దగ్గర నడక నేర్చినవాడు తనకు చెబుతున్నాడు. బదులు ఇద్దామని నోరు తెరిచి వెనక్కి తిరిగి చూశాడు. పిల్లలు నిజంగానే అడ్డంగా ఉన్నారు. ఈల ఊది వాళ్ళను గోడ వారకు జరిపించాడు. గానుగపాళెం దళం ఆయన ముందు నుంచే నడిచిపోయింది.