బాయిలర్ నీళ్ళు పోసిన వ్యాను

1996 వేసవిలో నన్ను భిలాయి సుపేలాలోని ఒక ప్రైవేటు వర్క్‌షాపులో సర్వీస్ సూపర్‌వైజరుగా వేశారు. బండి మెకానిక్ చేతికి వెళ్ళేముందు యజమాని గోడు వినడం, జబ్బేమిటో తేల్చడం, పనయ్యాక నడిపి చూసి సంతకం పెట్టడం ఆ ఉద్యోగం. తిట్లు కూడా ముందు సూపర్‌వైజరుకే తగులుతాయి.

ఆ రోజుల్లో భిలాయిలో కూలెంట్ అంటే నవ్వేవారు. మంచు కురిసే దేశాల సరుకు మనకెందుకు, రేడియేటర్‌లో కుళాయి నీళ్ళు చాలవా అనేవారు. ఇంజను మొత్తం పోత ఇనుమైన పాత కార్లకి ఆ మాట కొంతవరకు చెల్లింది. కొత్తగా వస్తున్న చిన్న పెట్రోలు బళ్ళలో కింద బ్లాకు ఇనుము, పైన సిలిండర్ హెడ్ అల్యూమినియం. రెండింట్లోనూ తిరిగేది ఒకటే నీరు. కూలెంట్ ఆ నీటిని తొందరగా మరగనివ్వదు. అంతకంటే ముఖ్యం, అందులోని మందులు రెండు లోహాలనూ తుప్పు తినేయకుండా కాపాడతాయి. ఈ రెండో సంగతి చెబితే వినేవాడు లేడు.

వేసవి సెలవులయ్యాక బడులు తెరిచిన కొత్తలో అప్పలనాయుడు గారి వ్యాను వచ్చింది. విజయనగరం వైపు మనిషి. ఉక్కు ప్లాంటు బాయిలర్ హౌసులో ఆపరేటరుగా రిటైరై ఊరి పక్కనున్న కోహ్కాలో స్థిరపడ్డారు. ప్లాంటు క్వార్టర్లుండే సెక్టార్ల పిల్లల్ని ఆ వ్యానులో బడికి తిప్పేవారు. ఇల్లు గడిచేది దాని మీదే. బండి వేడెక్కుతోంది, నీళ్ళు ఎటు పోతున్నాయో తెలియడం లేదన్నారు.

మా మెకానిక్ బిసాహు హెడ్ విప్పి నన్ను పిలిచాడు. "సాబ్, యే తో గల్ గయా" అన్నాడు, ఇది కరిగిపోయిందని. నీటి దారుల అంచులు కొరికేసినట్టున్నాయి. రేడియేటర్ గొట్టాల్లో తెల్లటి జిగురు. అల్యూమినియం కరిగితే మిగిలేది అదే. మిగిలిన నీళ్ళలో పీహెచ్ కాగితం ముంచితే ముదురు నీలం, అంటే గట్టి క్షారం.

ఏం పోశారని అడిగాను. దాచలేదు సరికదా, గర్వంగా చెప్పారు.

"అల్లాటప్పా నీళ్ళు కాదు బాబూ. బాయిలర్ నీళ్ళు. మందేసినవి. నా దగ్గర పన్జేసినోడు డబ్బాతో అట్టుకొస్తాడు. బండితో వచ్చిన పచ్చరంగు నీళ్ళు పారబోసీసినాను."

బాయిలర్ నీటిని కావాలనే క్షారంగా ఉంచుతారు. అలా ఉంటేనే ఉక్కు గొట్టాలకి తుప్పు పట్టదు. ఆ క్షారమే అల్యూమినియాన్ని తినేస్తుంది. ఇదంతా ఆయనకి వివరంగా చెప్పాను. ఆయన తల ఊపుతూ విన్నారు. వేడికి వచ్చిన వంకర తీయడానికి హెడ్‌ని మిషన్ మీద చెక్కించి, గాస్కెట్ మార్చి, కంపెనీ పుస్తకంలో రాసిన రకం కూలెంట్‌నే, డిస్టిల్డ్ వాటర్ సగానికి సగం కలిపి పోశాం. రంగు చూసి కొనొద్దనీ, రెండు రకాలు కలపొద్దనీ, మట్టం తగ్గితే మా దగ్గరికే రమ్మనీ చెప్పాను.

దసరా సెలవులు రాకుండానే వ్యాను తాడు కట్టుకుని వచ్చింది. ఈసారి హెడ్‌లో చెక్కడానికి లోహం మిగల్లేదు. ఒకచోట నీటి దారి తెగి సిలిండర్‌లోకే తెరుచుకుంది. పీహెచ్ కాగితం రంగు మునుపటికన్నా ముదిరింది.

నాకు కోపం వచ్చింది. చెప్పిందంతా ఏమైందని నిలదీశాను. ఆయన నెమ్మదిగానే జవాబిచ్చారు. "లోన లోహం తినీస్తందని నువ్వే కదా బాబూ అన్నావు. బాయిలర్లో అలగైతే మేం ఏటి సేస్తాం? మందు పెంచుతాం. అందుకే మీ నీళ్ళు తీసీసి, బాయిలర్ నీళ్ళలో మందు పెంచి పోసినాను."

నా కోపం అక్కడే చచ్చిపోయింది. ఆయన నా మాట పెడచెవిన పెట్టలేదు. శ్రద్ధగా విని, తన వృత్తిలో అలాంటి జబ్బుకి చేసే వైద్యమే చేశారు. ఉక్కుకి అది సరైన వైద్యం. నేను చెప్పిన ప్రతి మాటా ఆయనలో ఆ దారినే పోయింది.

కొత్త హెడ్‌కి రాయపూర్‌లో కబురు పెట్టాం. అది వచ్చేలోపు పిల్లల తల్లిదండ్రులు వేరే వ్యాను మాట్లాడుకున్నారు. వాళ్ళని తప్పు పట్టలేం. బడి ఆగదు కదా. నాయుడు గారు బండిని ఉన్నదున్నట్టు అమ్మేశారు. కొన్నవాళ్ళు దాన్ని తీసుకెళ్తుంటే చూడటానికి వచ్చి, నన్ను ఒకటే అడిగారు.

"మరి బాయిలర్లకి ఇన్నేళ్ళు నేను పోసింది కూడా తప్పేనా బాబూ?"

కాదు, అక్కడ మీరు చేసిందే సరైనదన్నాను. రెండు మూడు రకాలుగా చెప్పాను. ఆయన నమ్మలేదు. నేను ఓదారుస్తున్నాననుకున్నారు. అంతకుముందు బాయిలర్ హౌసు కుర్రాళ్ళు సందేహాలొస్తే కోహ్కా దాకా వెళ్ళి ఆయన్ని అడిగేవారు. ఆ తరువాత ఎవరెళ్ళినా "నాకేటి తెల్సు, నన్నడక్కండి" అని లోపలికి వెళ్ళిపోయేవారట. వ్యాను పోతే మరో పని చూసుకోవచ్చు. ఆ వయసులో తన విద్య మీద నమ్మకం పోతే ఏం చేయగలరు?

ఏ కూలెంట్ మంచిదని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. మీ ఇంజను ఏ లోహంతో చేశారో చూడండి, తయారీదారు చెప్పిన రకమే కొనండి అంటాను. సాంకేతికంగా అంతకంటే చెప్పాల్సింది లేదు. తెలియనివాడికి నేర్పడం నాకు చేతనయింది. బాగా తెలిసినవాడికి, నీకు తెలిసింది ఇక్కడ పనికిరాదని, అతన్ని విరిచేయకుండా చెప్పే పద్ధతి మాత్రం రిటైరయ్యేదాకా నాకు దొరకలేదు.